నీలిమందు పంచె

ఒంగోలు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనా,

మీ మరదలి పెళ్లి ఫోటోలు నిన్న చూశాను. మా ఆవిడ కూడా చూసి, "శీనన్న మరదలికి కామెర్లా ఏంటి పాపం?" అంది. కోప్పడకు. తెల్లగా మెరవాల్సిన మధుపర్కాలు పసుపునీళ్లలో ముంచి తీసినట్టున్నాయి మరి. కెమెరాలో లోపముంది, షాపులో తిరిగి ఇచ్చేస్తానన్నావు కదా, ఆ పని మాత్రం చేయకు. పగలు ఎండలో తీసి, రాత్రి కూడా వైట్ బ్యాలెన్స్‌ని ఆ సూర్యుడి గుర్తు మీదే వదిలేసి ఉంటావని నా అనుమానం. ఏ వెలుగులోనైనా తెలుపు తెలుపుగానే రావడానికి కెమెరాలో పెట్టే సెట్టింగే అది, సూర్యుడి గుర్తు ఎండకి.

మన కళ్లకు మొహమాటం ఎక్కువరా. తెల్ల చొక్కాని ఎండలో చూసినా, వంటింటి బల్బు కింద చూసినా తెలుపే అంటాయి. కెమెరా అలా సర్దుకుపోదు. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. పాత ఫిలమెంట్ బల్బు వెలుగు 2,700, 3,000 కెల్విన్ల దగ్గర ఉంటుంది, అంటే పసుపుపచ్చ వెలుగు. మిట్టమధ్యాహ్నపు ఎండ 5,500 దాకా. నీడలోకి వస్తే 7,000, 8,000 కూడా అవుతుంది. అక్కడ ఎండ తగలదు, నీలాకాశం వెలుగే పడుతుంది కాబట్టి. మొన్న సంక్రాంతికి బండలాగుడు పోటీల దగ్గర ఒక గిత్తని వేపచెట్టు కింద నిలబెట్టి తీశాను. నాదీ సూర్యుడి గుర్తే. దాని యజమాని ఫోటో చూసి, "మా గిత్త వెన్నముద్దలా ఉంటే నువ్వేంది నీలం పూశావు?" అని పదిమందిలో అడిగాడు. ఒంగోలు గిత్తని నీలంగా తీసిన వాడికి ఈ ఊళ్లో ఇంక మర్యాద ఏముంటుంది చెప్పు.

కెమెరానే చూసుకునేలా ఆటో వైట్ బ్యాలెన్స్ పెడితే సరిపోదా అంటావేమో. బయట చాలావరకు సరిపోతుంది. పెళ్లిలో దాన్ని నమ్మలేం. నలుగు పెట్టేటప్పుడు ఫ్రేమంతా పసుపు చీరలు, బంతిపూలే ఉంటే, వెలుగే పచ్చగా ఉందనుకుని నీలం కలిపేస్తుంది. పెళ్లికూతురి ముఖం పాలిపోతుంది. ఎర్ర షామియానా కింద సంగతి ఇంక అడగొద్దు.

అందుకే ఈ వెలుగులో తెలుపంటే ఇదీ అని మనమే దానికి చూపించాలి. పీటల దగ్గరికే వెళ్లి, వధూవరుల ముఖాల మీద పడే వెలుగులోనే గ్రే కార్డు, అదే ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట, పట్టుకో. ఫ్రేము మధ్యభాగం కార్డుతో నిండాలి. ఖాళీ కార్డు మీద ఆటో ఫోకస్ పట్టదు, మాన్యువల్లో పెట్టి కొట్టు. మసకగా వచ్చినా పర్లేదు. ఓవర్ ఎక్స్‌పోజ్ మాత్రం కాకూడదు, తెల్లగా కాలిపోతే అందులో రంగు సంగతే మిగలదు. తర్వాత నీ క్యానన్ మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌లోకి వెళ్లి, ఆ ఫోటో ఎంచుకుని సెట్ నొక్కు. అక్కడితో అయిపోయిందనుకునేవు, వైట్ బ్యాలెన్స్ గుర్తుల్లో కస్టమ్ గుర్తుకి కూడా మార్చాలి. ఇది మర్చిపోయి కార్డుని తిట్టేవాళ్లే ఎక్కువ.

కార్డు లేకపోతే ఏదో ఒక తెల్లగుడ్డ చాలనుకుంటాం. ఆ తెలివి నాకూ ఉండేది. ఒక పెళ్లిలో పెళ్లికూతురి మేనమామ కట్టుకున్న పంచె మల్లెపూవులా ఉందని, ఆయన్ని ఎండలో నిలబెట్టి దాన్నే చూపించి సెట్ చేశాను. ఫోటోలన్నీ పచ్చగా వచ్చాయి! ఆ పంచెకి నీలిమందు పెట్టారు. ఆ నీలాన్ని కెమెరా వెలుగు తప్పనుకుని, దాన్ని చంపడానికి పసుపు కలిపింది. సబ్బుపొడుల్లో, ఏ4 కాగితంలో కూడా తెల్లగా మెరిపించే రసాయనాలుంటాయి, ఎండలో ఇంకా నీలంగా మెరుస్తాయి. తప్పనిసరైతే కొత్త థర్మోకోల్ ముక్క నయం. పాతదొద్దు, పచ్చబడిపోతుంది.

ఇంకో మాట. రాత్రి బల్బుల కింద సెట్ చేసింది తెల్లారి అప్పగింతలకు తీసేయడం మర్చిపోయానొకసారి. అందరూ నీలంగా, చలికి కొంకర్లు పోయినట్టు వచ్చారు. ఏడుపుకి సరిపోయిందిలే అని సర్దిచెప్పా గానీ డబ్బు తగ్గించుకున్నారు.

అలాగని ప్రతిదాన్నీ తెల్లగా చేసి పారేయకు. కార్తీకమాసంలో దీపాల ముందు అమ్మని తీస్తే ఆ పచ్చదనం ఉండాలి. అది తీసేస్తే ట్యూబ్‌లైట్ కింద దీపం పెట్టినట్టుంటుంది. నేనైతే అక్కడ కార్డు బయటికే తీయను.

మీ మరదలి ఫోటోలు రా (RAW) ఫైళ్లుగా, అంటే కెమెరా రంగులు ఖాయం చేయకుండా దాచేవిగా తీశావా, జేపెగ్‌లోనా? రా అయితే బెంగ లేదు. కంప్యూటర్లో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో డ్రాపర్, అదే తెలుపు ఇదీ అని చూపించే గుర్తు, తీసుకుని మధుపర్కం మీద పసుపు అంటని చోట నొక్కు, చాలావరకు దారికొస్తాయి. అదే వెలుగులో తీసిన మిగతావాటికి ఆ సెట్టింగే కాపీ చెయ్యి. జేపెగ్ అయితే కొంతవరకే లాగగలం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వచ్చే ఆదివారం నెల్లూరు నుంచి పొద్దున బండికి వచ్చేయ్, ఇద్దరం కూర్చుని చూద్దాం.

వస్తూ గ్రే కార్డులు రెండు కొనుక్కురా. నాది మా చిన్నోడు పరీక్ష అట్ట చేసుకున్నాడు, దాని నిండా ఎక్కాలే.

నీ,
రవి