మానని మచ్చకు ముక్క పరీక్ష

సంపాదకులు గారికి,

చర్మవ్యాధుల మీద మీరు వేసే వ్యాసాల్లో ఎగ్జిమా, సోరియాసిస్ తరచూ కనిపిస్తాయి. చర్మానికి వచ్చే లింఫోమా (తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్) ఊసే ఉండదు. అరుదైన జబ్బే, కాదనను. కానీ అది ఆ రెండింటి వేషంలోనే వస్తుంది, చిక్కంతా అక్కడే.

చర్మ లింఫోమాల్లో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. ఫ్రెంచి వైద్యుడు అలిబెర్ 1806లోనే దీన్ని వర్ణించాడు. పిరుదులు, తొడల పైభాగం, నడుము లాంటి ఎండ తగలని చోట్ల పలచని మచ్చలు, పైన సన్నటి పొట్టు. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎర్రగా కాక తెల్లబారి కనబడొచ్చు. స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తాయి. ఇలా ఏళ్లు గడిచిపోతాయి.

తేల్చేది బయాప్సీ, అంటే మచ్చ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. అదీ ఒక్కసారికే తేలకపోవచ్చు. వేర్వేరు మచ్చల నుంచి, కొన్ని నెలల తేడాతో మళ్లీ తీయాల్సి రావచ్చు. అంతకు ముందు కొన్ని వారాలు క్రీమ్ ఆపమని డాక్టర్లు చెబుతారు, లేదంటే ఆనవాళ్లు మరుగునపడతాయి. ల్యాబ్‌కు పంపే కాగితం మీద ‘దద్దుర్లు’ అని ఒక్క మాట రాసి పంపితే ఆ ముక్కను పరీక్షించే పాథాలజిస్టు మాత్రం ఏం చేస్తారు? ఎక్కడ, ఎన్నేళ్లుగా, ఏం వాడారో రాయాలి.

క్యాన్సర్ అనగానే కీమో అని టెన్షన్ పడనక్కర్లేదు. తొలిదశలో పూతమందులు, అతినీలలోహిత కాంతి చికిత్సే ముఖ్యం. మొదట్లోనే గట్టి కీమో ఇచ్చినా ఆయుష్షు పెరగదని రోగులపై జరిపిన అధ్యయనాల్లో తేలింది. గడ్డలు కట్టాక రేడియేషన్, రక్తంలోకి పాకితే వేరే మందులు.

రకరకాల ఒంటిరంగుల ఫొటోలతో దీనిపై ఒక చర్మ నిపుణుడి చేత రాయించి వేయగలరు.

– ఒక పాఠకురాలు