మా ఆయన నడక కష్టాన్ని కాగితం మీదికి తెచ్చిన మీ అందరికీ

మా ఆయనకు పిప్ మంజూరైనట్టు మొన్న ఉత్తరం వచ్చింది. నడకకు సంబంధించిన భాగంలో పై రేటు ఇచ్చారు. ఇందులో చెయ్యి వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. విడివిడిగా అందరికీ ఫోన్ చేసి చెప్పాను గానీ, నలుగురి ముందూ చెప్పకపోతే నా మనసు ఊరుకునేలా లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పిప్ అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్. దీర్ఘకాలిక జబ్బు వల్లో వైకల్యం వల్లో రోజువారీ పనులకు, బయట తిరగడానికి ఇబ్బంది పడేవాళ్లకు ఇక్కడ బ్రిటన్‌లో ప్రభుత్వం 2013 నుంచి ఇస్తున్న భత్యం. జీతంతో నిమిత్తం లేదు, ఉద్యోగం చేస్తున్నా వస్తుంది, పన్ను పడదు. మా ఆయనకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్), అంటే మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటారు. కుర్చీలో కూర్చుని ఉంటే ఏ జబ్బూ లేని మనిషిలా కనిపిస్తారు. లేచి నాలుగడుగులు వేస్తే ఎడమ పాదం నేలను రాసుకుంటూ వస్తుంది.

మొదటి దండం మా గుంటూరు అన్నయ్యగారికి. వదినగారికి పిప్ పెట్టినప్పటి అనుభవంతో ఆయన చెప్పిన మాట మాకు మొదటినుంచీ చివరిదాకా పనికొచ్చింది. "చెల్లెమ్మా, నడుస్తాడా నడవడా అని రాయకు. ఎంత దూరం పోతాడు, ఎలా పోతాడు, పోయాక ఏమవుతుంది, మళ్లీ లేచి అంత దూరం పోగలడా, అది రాయి" అన్నారు. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థకి వెళ్లమని చెప్పిందీ ఆయనే.

అక్కడ మాకు సాయం చేసిన పెద్దావిడ వాలంటీరు. ఆమె రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు. నడక లెక్క ఎలా వేస్తారో ఓపిగ్గా విడమరిచి చెప్పింది. 200 మీటర్లు దాటి నడవగలిగితే పాయింట్లే రావు. 50 నుంచి 200 మధ్య అయితే 4. ఏ ఆసరా లేకుండా 20 నుంచి 50 లోపల అయితే 8, అదే దూరం కర్రతోనో మరో సాధనంతోనో అయితే 10. 20 మీటర్లు కూడా దాటలేకపోతే 12. ఎనిమిదికి మామూలు రేటు, పన్నెండుకు పై రేటు. అయితే అసలు కీలకం ఈ మీటర్లలో లేదు. ఆ దూరాన్ని ప్రమాదం లేకుండా, ఓ మోస్తరుగానైనా సరిగ్గా, అవసరమైనన్ని సార్లు, మామూలు మనిషికి పట్టే టైముకి రెట్టింపు మించకుండా నడవగలగాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ దూరం నడవగలిగినట్టు లెక్క కాదు. సగానికి పైగా రోజుల్లో పరిస్థితి ఎలా ఉంటుందో అదే చూస్తారు. ఒకసారి పంటి బిగువున 50 మీటర్లు పోయి, మధ్యాహ్నమంతా సోఫాలో పడుకునే మనిషి 50 మీటర్లు నడవగలిగే మనిషి కాదు. ఇది చట్టం చెప్పే మాట. చాలామంది మనవాళ్లకు ఇది తెలియదు.

ఎంత నడుస్తారని ఆమె అడిగితే మా ఆయన "పది నిమిషాలు" అన్నారు. నిమిషాలు వద్దు, మీటర్లు చెప్పమంది. నిమిషాల్లో చెబితే ఆగి నిలబడిన టైము కూడా నడకలో కలిసిపోతుందట. ఎన్నిచోట్ల ఆగుతారు, ఆగితే దేన్ని పట్టుకుంటారు, పడిపోయిన సందర్భాలున్నాయా అని ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. అప్పుడు ఆయన, నాకు ఇన్నాళ్లూ తెలియని సంగతి చెప్పారు. నేను డ్యూటీలో ఉండగా మెట్ల దగ్గర పడి, లేవలేక చాలాసేపు అలాగే కూర్చున్నారట. గోదావరి జిల్లా మనిషి, ఒకరి ముందు కష్టం చెప్పుకోవడం అలవాటు లేనివారు. కొత్తవాళ్ల ముందు ఆ మాట ఆయన నోట రావడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఆమె తొందరపెట్టలేదు. ఆయన చెప్పడం పూర్తయ్యాకే పెన్ను తీసింది.

ఎదురింటి తాతగారు చుట్ట టేపు తెచ్చి వీధి కొలిచారు. మా గేటు నుంచి మూలమీది ఎర్ర తపాలా పెట్టె దాకా 19 మీటర్లు. మా ఆయన కర్ర సాయంతో అక్కడిదాకా పోతారు, పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడిపోతారు. అది దాటితే పాదం తట్టుకుని తూలతారు. ఫారంలో అచ్చం అలాగే రాశాం. "కొంచెం దూరమే నడుస్తారు" అని రాసి ఉంటే చదివినవాళ్లకు ఏం తెలిసేది?

ఫిజియో అమ్మాయి రాసిన ఉత్తరం మాకు పెద్ద అండ. పెద్ద డాక్టర్ల ఉత్తరాల్లో జబ్బు పేరు, మందులు, స్కాన్ సంగతులు ఉంటాయి. మనిషి వీధిలో ఎలా నడుస్తాడన్నది వాటిలో కనపడదు. ఆమె ఆయన్ను నడిపించి స్టాప్‌వాచ్ పెట్టి చూసింది. తరవాత బూట్లు విప్పమని రెండూ పక్కపక్కన పెట్టింది. కుడి బూటు కొత్తదిలాగే ఉంది. ఎడమదాని ముందు రబ్బరు అరిగిపోయి, లోపలి గుడ్డ దారాలు పైకి వచ్చాయి. రెండూ ఒకేరోజు కొన్న జతే. ఆ అరుగుదల కూడా ఉత్తరంలో రాసింది. ఎమ్మెస్ నర్సు ఎండాకాలంలో, వేడి స్నానం చేశాక కాళ్లు మరీ పట్టు తప్పుతాయని, అలసట ఎలా ముంచుకొస్తుందో రాసి ఇచ్చారు.

ప్రతి ఆదివారం ఆయన్ను గుడికి తీసుకెళ్లే తమ్ముడు కూడా ఒక ఉత్తరం రాశాడు. కార్ పార్కు నుంచి చెప్పుల స్టాండు దాకా వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో, మధ్యలో ఎవరి భుజం పట్టుకుంటారో, ఉన్నది ఉన్నట్టు రాశాడు. మనల్ని రోజూ చూసేవాళ్ల మాట కూడా సాక్ష్యమే. మా అమ్మాయి ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో నాన్న ఏ రోజు గేటు దాకానే వెళ్లగలిగారో, ఏ రోజు అసలు బయటికే రాలేకపోయారో రోజూ రాత్రి రాసిపెట్టేది. ఆ పేజీల కాపీలు కూడా పంపాం. ఫోన్‌లో మదింపు చేసిన నర్సుగారికి కూడా కృతజ్ఞతలు. ఆయన అలసిపోతే ఆగారు, మాట మధ్యలో తుంచలేదు.

2025-26లో పై రేటు వారానికి 77.45 పౌండ్లు. అది కావాలంటే మోటబిలిటీ పథకంలో కారు లీజుకు కట్టుకోవచ్చు. వైకల్యం ఉన్నవాళ్ల పార్కింగ్ కోసం ఇచ్చే బ్లూ బ్యాడ్జీకి అప్లై చేశాం. అది వస్తే ఇక ఆసుపత్రి గుమ్మానికి దగ్గర్లోనే కారు ఆపుకోవచ్చు.

దరఖాస్తు పెట్టాలనుకునేవాళ్లు ఒకటి గమనించండి. వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదు) అని ఉంటే పిప్ అడగకూడదు, వీసాకే ముప్పు. శాశ్వత నివాసం వచ్చినవాళ్లు, పౌరులు పెట్టుకోవచ్చు. మామూలుగా గత మూడేళ్లలో రెండేళ్లు ఇక్కడ ఉండాలి, కొత్తగా పెట్టేవాళ్లు పెన్షన్ వయసు దాటి ఉండకూడదు. స్కాట్లండ్‌లో దీని బదులు అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ ఉంది. ఫారం తిప్పి పంపడానికి నెల గడువు. చాలకపోతే ముందే ఫోన్ చేసి అడగండి. కాదన్నా అక్కడితో అయిపోలేదు. నెలలోపు మళ్లీ చూడమని అడగొచ్చు, ఆ తరవాత స్వతంత్ర ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు.

అన్నయ్యగారూ, వదినగారూ, తాతగారూ, తమ్ముడూ, ఫారం రాసుకునే రోజుల్లో క్యారేజీలు పంపిన అక్కలూ, మీ అందరికీ మా ఇద్దరి నమస్కారాలు. ఫారం చేతికొచ్చి ఏం రాయాలో తోచక ఉన్నవాళ్లు మొహమాటపడకండి. శని, ఆదివారాల్లో నేను ఇంట్లోనే ఉంటాను. ఫోన్ చేస్తే ఒక్కో ప్రశ్న దగ్గరా మీతో కూర్చుంటాను.