33ఎ నంబరు గది మరిచారు

సంపాదకులకు నమస్కారం.

విదేశాలకు వెళ్లేవాళ్లు చూడదగ్గ మ్యూజియంల గురించి ఈమధ్య మీ పత్రికలో వేసిన వ్యాసం చదివాను. బాగుంది. కానీ బ్రిటిష్ మ్యూజియం దగ్గరకొచ్చేసరికి రోసెట్టా రాయి, ఈజిప్టు మమ్మీలు చెప్పి ముగించేశారు. అదే మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్న 33ఎ నంబరు గది ఒకటుంది. తెలుగు పత్రిక ఆ గదిని వదిలేయడం నాకు కొంచెం కష్టమనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. 'అమరావతి శిల్పకళ గురించి వ్రాయుము' అనేది మాకు రెండు మార్కుల ప్రశ్న. పిల్లల్ని విహారయాత్రకు అమరావతి తీసుకెళ్లినప్పుడల్లా మా కార్యక్రమం ఒకటే: కృష్ణలో స్నానం, అమరేశ్వరుడి దర్శనం, రావి చెట్టు కింద పులిహోర. బౌద్ధ స్తూపానికి మిగిలేది చివరి అరగంట. గడ్డి మొలిచిన దిబ్బ చుట్టూ పిల్లలు పరుగు పందెం పెట్టుకునేవాళ్లు. నేనూ ఏమీ చెప్పేవాణ్ని కాదు. చెప్పడానికి నాకూ పాఠంలో ఉన్నంతే తెలుసు.

పోయినేడాది మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లాను. మైనపు బొమ్మలు, పెద్ద గడియారం, నది మీద పడవ అన్నీ అయ్యాక, వాన పడుతున్న ఒకరోజు మనవడితో కలిసి బ్రిటిష్ మ్యూజియంకు బయల్దేరాను. టికెట్ అక్కర్లేదు. నడిచి నడిచి మోకాళ్లు నొప్పెడుతుంటే కూర్చోడానికి బెంచీ వెతుక్కుంటూ వెళ్లి ఆ అద్దాల గది ముందు ఆగాను. మనవడు లేబుల్ చదివి, "తాతయ్యా, ఇది మీ ఊరి పక్కదేనా?" అన్నాడు. తెనాలి నుంచి బస్సెక్కితే గంటన్నర. నేను ముప్పై ఏళ్లలో సరిగా చూడనిది వాడు ముందు చూశాడు.

మోకాళ్ల సంగతి మరిచిపోయి రెండు గంటలు అక్కడే ఉండిపోయాను. ఒక పలక మీద బుద్ధుడి తల్లి మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది. పక్కన దేవతలు పొడవాటి వస్త్రం పట్టుకుని ఉంటారు. పుట్టిన బిడ్డ కోసం చూస్తే బిడ్డ ఉండడు. ఆ గుడ్డ మీద చిన్నచిన్న పాదాల గుర్తులుంటాయి, అంతే. మా ఇళ్లల్లో కృష్ణాష్టమికి గడప నుంచి లోపలికి ముగ్గుతో పాదాలు వేస్తాం కదా, అవే గుర్తొచ్చాయి. ఇంకో పలకను రెండు వైపులా చెక్కారు. ఒకవైపు బోధివృక్షం, ఖాళీ సింహాసనం, చేతులు జోడించిన భక్తులు. మూడు నాలుగు వందల ఏళ్ల తరవాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపం బొమ్మే చెక్కారు. గుమ్మం దగ్గర సింహాలు, ఎదురుగా వరసగా అయిదు స్తంభాలు, పైన అండం, అంటే గుండ్రటి గుమ్మటం. మన అమరావతిలో ఉన్న దిబ్బ ఒకప్పుడు ఎలా ఉండేదో ఆ రాయే చెబుతోంది. ఈ ఒక్క బొమ్మ చేతిలో ఉంటే పిల్లల్ని ఆ దిబ్బ చుట్టూ వేరేగా తిప్పి ఉండేవాణ్ని.

అక్కడికి ఎలా వెళ్లాయంటే అదో కథ. ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బను జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో రాళ్ల కోసం తవ్వారు. కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ మనుషులతో వచ్చి, ఉన్నవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపితే, వాటిలో 121 రాళ్లు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడా మర్యాదేమీ జరగలేదు, కొన్నాళ్లు బండ్లు పెట్టుకునే కొట్టంలో పడి ఉన్నాయట. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు వచ్చాయి. ఇప్పుడున్న గది 1992లో ఏర్పడింది. వాళ్లు మార్బుల్స్ అని పేరు పెట్టారు గానీ అది పాలరాయి కాదు, మన పల్నాడు సున్నపురాయి. తేమకు, పొగకు పాడవుతుంది, అందుకే అద్దాలు.

వెనక్కి తెప్పించాలని మా వాకింగ్ ఫ్రెండ్స్ ఆవేశపడతారు. తెప్పిస్తే నాకూ సంతోషమే. కానీ ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పం ఒకటి దొంగల చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా పోయి, 2016లో తిరిగొచ్చింది. ఇలియట్ నాటి సంగతి కాదది, మన రోజుల్లోనే జరిగింది. కాబట్టి ఆవేశంలో సగం ఇక్కడున్న వాటిమీద పెడితే బాగుండును.

లండన్ దాకా పోలేనివాళ్లకు చెన్నై ఉంది, అమరావతి రాళ్లు అక్కడా ఉన్నాయి. మనవాళ్లు ఆసుపత్రుల కోసమో పట్టుచీరల కోసమో నెలనెలా వెళ్తూనే ఉంటారు. ఎగ్మోర్‌లో, పాంథియన్ రోడ్డు మీద ప్రభుత్వ మ్యూజియం. అందులో బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు నలగిరి బొమ్మ చూడండి. ఒకే గుండ్రటి రాయిలో అదే ఏనుగు రెండుసార్లు ఉంటుంది: మొదట మనుషుల్ని తొక్కుతూ, తరవాత బుద్ధుడి ముందు మోకరిల్లి. మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు, భయపడ్డ ఆడవాళ్లు పక్కవాళ్లను పట్టుకుని ఉంటారు. అచ్చం మా వీధిలో ఆంబోతు కట్టు తెంచుకున్నప్పుడు జరిగే సందడే. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు. తెలుసుకోకుండా వెళ్లి మొదటిసారి నేను ఉత్తచేతులతో తిరిగొచ్చాను.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఆ రెండు వైపులా చెక్కిన పలక ఫొటో అనుమతి తీసుకుని ఒక ఆదివారం పెద్దదిగా వేయండి. పక్కన ఆ దిబ్బ ఇవాళ ఎలా ఉందో అదీ వేయండి. లండన్, చెన్నై, కోల్‌కతా, ఢిల్లీ, పారిస్ మ్యూజియంలలో అమరావతి రాళ్లున్నాయని ఒక చిన్న పటం గీసి ఇవ్వండి. చుట్టుపక్కల స్కూళ్ల మాస్టర్లు దాన్ని కత్తిరించి గోడకు అంటిస్తారు. నేనైతే మా పాత స్కూలుకు నా ఖర్చుతో లామినేషన్ చేయించి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత సోషల్ మాస్టారు, తెనాలి