చిన్నోడా, ఈ పాత సినిమా చూడు

విన్నిపెగ్,
జనవరి

చిన్నోడా,

అమ్మ పంపిన శెనక్కాయల పొడి అందిందని చెప్పు. ఇక్కడ చలి మైనస్ 30కి దిగింది. రాత్రి అన్నాలయినాక మీ బావా నేనూ హాలీవుడ్ డైరెక్టర్ జాన్ కార్పెంటర్ పాత సినిమాలు పెట్టుకుని చూస్తున్నాం. నీకు ముఖ్యంగా 'ది థింగ్' గురించి చెప్పాలి.

1982 నాటిది. అంటార్కిటికాలో పన్నెండు మంది మగాళ్లుండే పరిశోధన కేంద్రం. మంచులో గడ్డకట్టిన గ్రహాంతర జీవి ఒకటి బయటపడుతుంది. అది ఎవర్ని మింగితే అచ్చం వాళ్ల మాదిరే అయిపోతుంది. మాట, నడక, అన్నీ. పక్కనున్నోడు మనిషో కాదో ఎవరికీ తెలీదు.

మన యర్రముక్కపల్లెలో గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్లు, గుర్తుందా? ఆ దయ్యం తెలిసిన గొంతుతోనే పిలుస్తుంది, ఒక్క పిలుపుకే పలకొద్దని జేజి చెప్పేది. సరిగ్గా ఆ భయమే ఇది.

రక్తపరీక్ష సీన్ ఒకటుంది. ఆ గ్రహాంతర జీవి ఒంట్లో ప్రతి ముక్కా విడిగా ప్రాణమున్నదే, కాలిస్తే తప్పించుకోవాలని చూస్తుంది. అందుకని హీరో కర్ట్ రస్సెల్ అందరినీ కట్టేయించి, ఒక్కొక్కరి రక్తం గాజు గిన్నెల్లో పట్టి, ఎర్రగా కాల్చిన తీగ అందులో ముంచుతాడు. మనిషి రక్తమైతే సుయ్‌మని ఊరుకుంటుంది. ఆ సుయ్ వినపడేదాకా నాకు ఊపిరాడదు, ఇప్పటికీ. ఎవరి గిన్నె దగ్గర ఏమవుతుందో నేను చెప్పను.

ఆ జీవి ఆకారాలన్నీ రాబ్ బొటీన్ అనే ఇరవై రెండేళ్ల పిల్లోడు తన మనుషులతో కలిసి రబ్బరుతో, జిగురుతో, తీగలతో చేసినవే. కుక్కల సీన్లోది మాత్రం స్టాన్ విన్‌స్టన్ చేశాడు. కంప్యూటర్‌తో గీసిన భూతం ఇంత పచ్చిగా, తడిగా కనపడదు. కార్పెంటర్ తన సినిమాలకు సంగీతం చాలావరకు తానే చేసుకుంటాడు కానీ దీనికి ఎన్నియో మొరికోనె చేశాడు. గుండె కొట్టుకున్నట్టు ఒకటే దరువు. ఇంత సినిమా అప్పట్లో ఆడలేదురా! 'ఈ.టీ.' వచ్చిన రెండు వారాలకే విడుదలైంది. ముద్దొచ్చే గ్రహాంతరవాసిని చూసిన జనానికి ఇది ఎక్కలేదేమో. విమర్శకులూ తిట్టిపోశారు. నాకు చాలా అన్యాయమనిపిస్తుంది.

1987లో తీసిన 'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్' మీ బావకు నచ్చింది, నాకు మాటలెక్కువైనాయి. 'దే లివ్' బాగుంది, దాని సంగతి ఇంకోసారి.

ఫోన్లో మాత్రం చూడొద్దు. నాయన పడుకున్నాక హాల్లో లైటార్పి టీవీలో పెట్టుకో. కడప ఉక్కలోనైనా వీపు జలదరిస్తుంది. చూశాక ఫోన్ చేసి, చివర్లో నీకు ఎవరి మీద అనుమానమో చెప్పు. మీ బావదీ నాదీ ఇంకా తెగలేదు.

మీ అక్క