వార్షిక నివేదిక: పెచ్చు లేవని తోరణాలు, రాని వాలంటీర్లు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది. లేకపోయినా ఈసారి రాసేవాణ్ణే. బతుకమ్మ రోజుల్లో హన్మకొండలో మనం పెట్టిన చెక్కబొమ్మల స్టాలు గురించి మెచ్చుకోళ్లు ఇంకా వినిపిస్తున్నాయి. ఆ పని ఎవరెవరి చేతుల్లో అయిందో కాగితం మీద ఉండాలి కదా.

ముందు కృతజ్ఞతలు. షెడ్డు వాడుకోమని తాళంచెవి చేతికిచ్చిన సభ్యుడికి (పేరు రాయొద్దన్నారు), కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ పంపిన కాజీపేట మిత్రుడికి, రాత్రిళ్లు చాయ్, మిర్చి బజ్జీ అందించిన మహిళా విభాగం అక్కలకు, ఒక్క రసీదు పోకుండా దాచిన కోశాధికారి గారికి, కళ్లద్దాలు సర్దుకుంటూనే పిల్లలకు బ్లేడు బిగించడం నేర్పిన మన పెద్దమేస్త్రి గారికి సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరినైనా మరిచిపోయి ఉంటే సమావేశంలో లేచి చెప్పండి, మినిట్స్‌లో చేరుస్తాం.

ఇక స్టాలు సంగతి. 3 మి.మీ. ప్లైవుడ్‌లో కోసిన కాకతీయ కళాతోరణం, దాని మీది హంసలు, గుమ్మానికి కట్టే బతుకమ్మ బిళ్లలు, రామప్ప గుడి మదనికల (నాట్యభంగిమలో ఉండే స్త్రీ శిల్పాల) నీడబొమ్మలు పెట్టాం. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మదనికల కోసం అడిగేవాళ్లు పెరిగారు. బొమ్మ నచ్చినవాళ్లు చేసే మొదటి పని దాన్ని వెనక్కి తిప్పి చూడడం. నిరుడు అక్కడే బేరం చెడేది. ముందువైపు నున్నగా ఉన్నా వెనకవైపు అంచుల వెంట పెచ్చులు లేచి ఉండేవి. ఈసారి వెనక్కి తిప్పి చూసి కూడా కొన్నారు. ఈ సంవత్సరం మనం చేసిన అసలు పని ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. శిక్షణకు రానివాళ్లు దీన్ని చదివైనా తెలుసుకోవాలి.

మనం కోసేది స్క్రోల్ సాతో, అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపం మిషన్‌తో. దాని బ్లేడు పళ్లు కిందికి తిరిగి ఉంటాయి. అది దిగేటప్పుడు కోస్తుంది. పైపొరకు కింద ఇంకా చెక్క ఉంటుంది కాబట్టి అది నిలబడుతుంది, అట్టడుగు పొరకు కింద ఏ ఆసరా ఉండదు. పంటి తోపుకు నార విరిగి పెచ్చుగా లేస్తుంది. పొర నారకు అడ్డంగా కోసే చోట నష్టం ఇంకా ఎక్కువ. తోరణం డిజైన్‌లో అడ్డగీతలు, సన్నని లోపలి కోతలే ఎక్కువ కాబట్టి మనకు తిప్పలు తప్పవు. మరి ఆసరా ఎక్కడ పెట్టాలి? కిందనే. మిషన్ టేబుల్‌లో బ్లేడు దిగే బెజ్జం వెడల్పుగా ఉంటుంది. దాని మీద పల్చని ప్లై ముక్కో, పాత లామినేట్ షీటు ముక్కో డబుల్ సైడ్ టేపుతో అంటించి, బ్లేడు పట్టేంత సన్నని బెజ్జం మాత్రం ఉంచాం. ఖర్చు దాదాపు లేదు, తేడా మాత్రం మొదటి కోతలోనే కనిపించింది.

రెండోది బ్లేడు. రివర్స్ పళ్ల బ్లేడులో అడుగున ఉండే కొన్ని పళ్లు పైకి తిరిగి ఉంటాయి, పైకి లేచేటప్పుడు కింది అంచును శుభ్రం చేస్తాయి. అయితే దాన్ని సరిగ్గా బిగించకపోతే లాభం లేదు. బ్లేడు పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఆ తిరగబడ్డ పళ్లలో రెండు మూడే టేబుల్ పైకి కనిపించాలి. ఎక్కువ కనిపిస్తే పైవైపు నార లేస్తుంది, అసలు కనిపించకపోతే మామూలు బ్లేడు వాడినట్టే. సన్న పనికి చిన్న నంబరు బ్లేడ్లే తీసుకోండి, చివర్లలో అడ్డపిన్ను లేనివి. పిన్ను ఉన్న బ్లేడు లోపలి కోత కోసం చెక్కకు వేసే చిన్న బెజ్జంలో దూరదు. ప్లైలోని జిగురు పొరలు పదునును త్వరగా తినేస్తాయి, కాబట్టి మొద్దుబారిన బ్లేడును పిసినారితనంతో లాగించకండి. బ్లేడు వదులుగా ఉన్నా, చెక్కను తొందరపడి నెట్టినా అది పక్కకు వంగి కోత పాడవుతుంది.

టేపు సంగతి చాలామంది అడిగారు. చెక్క రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, పైవైపు టేపు మీద డిజైన్ కాగితం అంటించండి. జిగురు చెక్కకు తగలదు, నార కూడా పట్టి ఉంటుంది. తీసేటప్పుడు నిట్టనిలువుగా లాగొద్దు, చెక్కకు ఆనించినట్టే వెనక్కి మడిచి, నార వెంట మెల్లగా తీయండి. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే జిగురు వదులుతుంది. మంచి ప్లైని ఇలా కాపాడి, చివర్లో ఉప్పు కాగితంతో బలంగా రుద్ది పాడుచేసినవాళ్లూ ఉన్నారు. చౌక ప్లై పైపొర మి.మీ.లో సగం కూడా ఉండకపోవచ్చు, గట్టిగా రుద్దితే కింద అడ్డంగా ఉన్న పొర బయటపడుతుంది. 220 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దితే చాలు.

ఒకే బొమ్మ చాలా కావాలంటే రెండు మూడు షీట్లు పేర్చి, అడుగున పనికిరాని ప్లై ముక్క పెట్టి కోయండి. పెచ్చులు ఆ పనికిరానిదాని మీదే పడతాయి. లోపలి కోతకు బెజ్జం వేసేటప్పుడు కూడా కింద ముక్క పెట్టాల్సిందే, లేకపోతే డ్రిల్ బిట్ బయటికొచ్చే చోట పొర ఊడిపోతుంది. లోపలి కోతలన్నీ అయ్యాకే బయటి గీత కోయండి. ముక్కుకు మాస్కు మరవొద్దు.

ఇంత చెప్పాక ఒక బాధ కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు ఎత్తినవాళ్లందరూ షెడ్డుకు వచ్చి ఉంటే తోరణాలు సద్దుల బతుకమ్మకు వారం ముందే పూర్తయ్యేవి. ‘వస్తున్నా అన్నా’ అని ఫోను ఆపేసినవాళ్లు ఫొటో దిగే రోజు మాత్రం ముందు వరుసలో నిలబడ్డారు. ఆ ఫొటో గోడ మీద ఉంది, ఎవరెవరో మీరే చూసుకోండి. రాత్రి పనిచేసినవాళ్లలో సగం మంది డిగ్రీ పిల్లలు. పరీక్షలు ఉన్నా వచ్చారు.

ఒక కార్యాలయంలో శిక్షణ సాయం కోసం పెట్టిన దరఖాస్తు సంవత్సరం దాటినా టేబుల్ మారలేదు. వెళ్లినప్పుడల్లా ‘సారు మీటింగ్‌లో ఉన్నారు’ అంటారు. అధ్యక్షులు గారు మళ్లీ ఒక లేఖ రాస్తామన్నారు. రాయనివ్వండి. ప్లై విషయంలోనూ ఒక దుకాణం మనల్ని ముంచింది. పైకి నునుపుగా ఉన్న షీట్లు కోసి చూస్తే లోపల బొక్కలు. ఇకమీదట అంచు చూడకుండా ఒక్క షీటు కూడా కొనొద్దని కార్యవర్గం తీర్మానించింది.

జమాఖర్చులు: ఆదాయం, వ్యయం పట్టిక వెనక పేజీలో ఉంది, ఆడిట్ అయింది. స్టాలు అమ్మకాల్లో మిగిలినది బ్లేడ్లకు, టేపుకు పోయింది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి, నన్ను కాదు.

వచ్చే సంవత్సరానికి కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి. కార్యదర్శి పదవికి పోటీ పడేవాళ్లు ముందుగా ఒక నెల షెడ్డు ఊడ్చే డ్యూటీ చేయాలని నా ప్రతిపాదన. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్లు సమావేశం రోజే కట్టేయండి. షెడ్డులోంచి ఇంటికి తీసుకెళ్లిన రెండు క్లాంపులు, సన్నబిట్ల డబ్బా ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్లకే తెలుసు. ఎవరూ చూడనప్పుడు బల్ల మీద పెట్టేసినా చాలు, పేరు అడగం.

ఇట్లు,
కార్యదర్శి