జూన్‌లో పద్దెనిమిది నిండే పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులో పద్నాలుగేళ్లుగా చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి డిగ్రీ అడ్మిషన్లు ముగిసేదాకా మా షాపులో కాలు పెట్టే సందుండదు. ఎంసెట్ కౌన్సెలింగ్ (పేరు ఈఏపీసెట్ అయింది గానీ మా దగ్గరికొచ్చే వాళ్లెవరూ అలా అనరు), డిగ్రీ దరఖాస్తులు, స్కాలర్‌షిప్పులు, అన్నీ మా చేతుల మీదుగానే పోతాయి. ఏ పిల్లకి ఏ కాగితం లేదో కాలేజీ వాళ్లకంటే ముందు మాకే తెలుస్తుంది.

రెండేళ్ల కిందట ఒకమ్మాయి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, తను పెరిగిన అనాథ పిల్లల హోం వాళ్లిచ్చిన ఒక ఉత్తరం. ఇంటర్‌లో తొమ్మిది వందల పైచిలుకు మార్కులు. పేరు, పుట్టిన తేదీ చకచకా కొట్టేశాం. తల్లి ఆధార్ నంబరు దగ్గర బండి ఆగింది. పక్కన ఎర్ర చుక్క ఉన్న గడి అది, నింపకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు. "అన్నా, ఈడ ఏం కొట్టాల?" అని అడిగింది. నాకూ తెలీలేదు. వెనక నిలబడ్డ పెద్దాయన "మీ నాయన్ని పిలుచుకురా పాపా, మా టైమంతా పోతా ఉంది" అన్నాడు. ఆయనకేం తెలుసు పాపం. ఆ పిల్ల ఏమీ మాట్లాడకుండా ఫోల్డరు సర్దుకుని, కూర్చున్న స్టూలు ఖాళీ చేసింది.

తర్వాత తాలూకాఫీసులో చేసి రిటైరైన ఒకాయన చెబితే తెలిసింది: మన రాష్ట్ర బీసీ జాబితాలో, 'ఏ' గ్రూపులో, అనాథ పిల్లలకు చోటుంది. పదేళ్లలోపే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వ గుర్తింపు ఉన్న అనాథాశ్రమంలోనో స్కూల్లోనో చేరినవాళ్లకి అది వర్తిస్తుంది. పద్నాలుగేళ్లుగా కుల ధ్రువీకరణలకు అప్లై చేస్తున్న నాకే ఆ సంగతి తెలీదు. సర్టిఫికెట్ కోసం ఆ అమ్మాయి ఆఫీసుల చుట్టూ నాలుగు సార్లు తిరిగింది. అది చేతికొచ్చేసరికి మొదటి విడత కౌన్సెలింగ్ అయిపోయింది.

ఇంకో సంగతి కూడా గమనించాను. హోంలలో పెరిగి మా షాపుకొచ్చే పిల్లల్లో చాలామంది పుట్టిన తేదీ జూన్‌లోనే ఉంటుంది. అసలు తేదీ ఎవరికీ తెలీక, బళ్లో చేర్చిన రోజు అయ్యవారు రిజిస్టర్లో రాసిన తేదీ అది. మన వయసు వాళ్లలోనూ ఇలాంటి జూన్ పుట్టినరోజులు కొల్లలు, అందులో వింతేం లేదు. కాకపోతే ఈ పిల్లలకి ఆ తేదీ నాడే పద్దెనిమిది నిండుతుంది, హోం గడప దాటాల్సి వస్తుంది. సరిగ్గా ఇంటర్ అయిపోయి డిగ్రీ ఇంకా మొదలవని రోజుల్లో. సీటు రాలేదు, హాస్టల్ రాలేదు, ఉన్న చోటు పోయింది.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్, పద్దెనిమిది నిండి సంస్థను వదిలే పిల్లలకు ఆర్థిక సాయం 'ఇవ్వవచ్చు' అంటుంది. 'ఇవ్వాలి' అనలేదు చూడండి. 2016 నమూనా నియమాల ప్రకారం ఆ సాయం 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు అందించవచ్చు. పై చదువులకు స్కాలర్‌షిప్పు కూడా అందులో ఉంది. పిల్లలు బయటికి వెళ్లడానికి రెండు నెలల ముందే, తర్వాత ఏం చేయాలో ప్రణాళిక రాసి బాలల సంక్షేమ సమితికి ఇవ్వాలని కూడా ఉంది. ఈ సాయాన్నే 'ఆఫ్టర్ కేర్' అంటారు. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద దీనికి నెలకు 4,000 రూపాయలు. మా వీధిలో లేడీస్ హాస్టల్‌కే అంతకన్నా ఎక్కువ కట్టాలి. అయినా సరే, వస్తే కొండంత అండ. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఆ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

హోంలో పెరిగినవాళ్లకి కనీసం చట్టంలో ఒక మాటుంది. బంధువుల ఇళ్లలో, దత్తత కాకుండా పెంపకానికి మాత్రమే తీసుకున్న (ఫోస్టర్) కుటుంబాల్లో పెరిగినవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. చట్టంలో ఆఫ్టర్ కేర్ నిర్వచనమే 'సంస్థను వదిలి వచ్చినవారు' అని. ప్రకాశం జిల్లా నుంచి ఒకబ్బాయి వచ్చేవాడు, దర్శి వైపు పల్లెలో మేనత్త దగ్గర పెరిగాడు. నెలనెలా వచ్చే సాయం పద్దెనిమిది నిండగానే ఆగింది. పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో మానేసి చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పనిలోకి వెళ్లాడు. మేనత్త మంచిదే, ఆమెకీ ఇద్దరు పిల్లలున్నారు.

ప్రభుత్వానికి చేతకాదని కాదు. కోవిడ్‌తో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకి 2021లో పీఎం కేర్స్ కింద పథకం పెట్టారు. 18 నుంచి 23 వరకు నెలనెలా స్టైపెండు, 23 నిండాక 10 లక్షలు. చాలా మంచి పని. మరి అమ్మానాన్నలు లారీ కింద పడి పోతే ఆ పిల్లాడికి ఆకలి తక్కువేస్తుందా? మా తోడల్లుడి కూతురు అమెరికాలో ఉంది. ఫోస్టర్ కుటుంబాల్లో పెరిగిన పిల్లలకు అక్కడ 'చాఫీ' పేరుతో పథకం ఉందట, ఇంటర్ తర్వాతి చదువుకి ఏడాదికి 5,000 డాలర్ల దాకా, 26 ఏళ్లు వచ్చే వరకు ఇస్తారట. వాళ్లంత ఇమ్మని ఎవరూ అడగడం లేదు.

నేననేది ఇంతే. పద్దెనిమిది నిండాక ఆ పిల్లే వెతుక్కుని వచ్చి దరఖాస్తు పెట్టుకోవాలనే పద్ధతి పోవాలి. పదిహేడో ఏటనే కుల, ఆదాయ పత్రాలు, సొంత బ్యాంకు ఖాతా సిద్ధం చేయించే బాధ్యత జిల్లా బాలల పరిరక్షణ విభాగం తీసుకోవాలి. పుట్టినరోజు ఏ నెలలో పడినా, చదువుతున్న కోర్సు పూర్తయ్యేదాకా డబ్బు ఆపకూడదు. మేనత్త ఇంట్లో పెరిగినా అదే వరస. దరఖాస్తుల్లో ఆ ఎర్ర చుక్క తీసేసి 'తల్లిదండ్రులు లేరు' అనే గడి ఒకటి పెడితే పైసా ఖర్చుండదు.

మీకూ ఒక విన్నపం. ఏటా జూన్‌లో అడ్మిషన్ల వివరాలు వేస్తారు కదా, కటాఫ్ ర్యాంకుల పక్కన ఈ ఆఫ్టర్ కేర్ గురించి, బీసీ-ఏ సర్టిఫికెట్ గురించి నాలుగు లైన్లు వేయండి. ఆ పేజీ జిరాక్స్ తీసి షాపు అద్దానికి అంటిస్తాను.

- నెట్ సెంటర్ నిర్వాహకుడు, నెల్లూరు