బయటి పిల్లలకు మన ఇంట్లో చోటివ్వలేమా?

సంపాదకులకు నమస్కారం.

కాలేజీలు తెరిచే రోజుల్లో మన తిరుపతిలో ఎం.ఆర్.పల్లి, బాలాజీ కాలనీ వీధుల్లో బయటి రాష్ట్రాల పిల్లలు గది కోసం తిరగడం చూస్తుంటాం. సంస్కృత విశ్వవిద్యాలయానికి ఒడిశా, బెంగాల్ నుంచి కూడా వస్తారు. ఏర్పేడు దగ్గరున్న ఐఐటీకి, సైన్సు చదువుల సంస్థ ఐసర్‌కు దేశం నలుమూలల నుంచీ వస్తారు. మా వీధిలో వాళ్లకు దొరికే జవాబు ఒకటే: "మా ఇంట్లో పద్ధతులు ఎక్కువమ్మా, మీరు సర్దుకోలేరు." ఈ జవాబు సరికాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దేశంలో, సవాయి దీవిలో ఒక పల్లె బడిలో వాలంటీరుగా పాఠాలు చెప్పి వచ్చాను. దేశం మొత్తం జనాభా 2 లక్షలు దాటి కొంచెం, మన తిరుపతి కన్నా తక్కువ. మాకు హాస్టల్ ఇవ్వలేదు, తలా ఒక కుటుంబానికి అప్పగించారు. ఆ ఇంట్లో ఉన్నన్ని పద్ధతులు నేను ఇక్కడ ఏ ఇంట్లోనూ చూడలేదు.

వాళ్ల పాతకాలపు ఇల్లు ఫలేకు గోడలుండవు. చుట్టూ స్తంభాలు, పైన కప్పు, వానొస్తే దించుకునే కొబ్బరాకు తడికలు. తలుపు వేసుకోవడం అనే మాటే లేదు. ఒంటరిగా కూర్చుంటే ఒంట్లో బాగాలేదేమోనని ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చునేవారు. మొదట్లో అదే నాకు పెద్ద టెన్షన్. పెద్దలు కూర్చుని ఉంటే వంగి దాటాలి. చాప మీద కూర్చుని ఎదుటివాళ్ల వైపు కాళ్లు చాపకూడదు. సాయంత్రం ప్రార్థన వేళకు శంఖం ఊదుతారు. ఇక రోడ్డు మీద మనిషి కనిపించకూడదు. కట్టుబాటు తప్పితే ఊరి పెద్దల సభ జరిమానా వేస్తుంది, అది కుటుంబం మొత్తానికీ పడుతుంది. 2017లో రాజ్యాంగాన్ని సవరించి క్రైస్తవ దేశమని రాసుకున్నవాళ్లు వాళ్లు. నేను ఏడుకొండల కింద పుట్టి పెరిగినదాన్ని. ప్రార్థనలో కూర్చోమన్నారు, కూర్చున్నాను. మతం మారమని ఒక్కరూ అడగలేదు.

ఇక తిండి. నేను మాంసం ముట్టను. అక్కడ చేప, కోడి, పంది లేకుండా ఆదివారం గడవదు. తెల్లవారుజామునే మగవాళ్లు రాళ్లు ఎర్రగా కాల్చి, వాటి మీద చేమదుంపలు, సీమపనసకాయలు పేర్చి, పైన ఆకులు కప్పి వండుతారు. లేత చేమాకుల్లో చిక్కటి కొబ్బరిపాలు పోసి మూటకట్టి అందులోనే పెడతారు. దాన్ని పలుసామి అంటారు. ఆ ఇంటి అమ్మ నాకోసం మాంసం మానలేదు, నన్ను తినమనీ బలవంతపెట్టలేదు. పలుసామి మూటలు మాత్రం రెండు ఎక్కువ కట్టేది. చుట్టాలకు, పెద్దలకు ముందు వడ్డిస్తారు, పిల్లలు పక్కన నిలబడి విసనకర్రలతో విసురుతుంటారు, మిగిలింది వాళ్లు తింటారు. ఆ సంగతి ఆమె మొదటిరోజే సైగలతో చెప్పింది. అందుకే పళ్లెంలో మంచి ముక్కలు వదిలేయడం నాకు అలవాటైంది. అక్కడ సాయంత్రం ఆరైతే తిరుపతిలో ఉదయం పదిన్నర. ఆ వేళకు మా అమ్మ ఫోన్ చేసి "అన్నం తింటాండావా లేదా?" అనేది. ఆ ఇంటి అమ్మ ఫోన్ లాక్కుని తన భాషలో ఏదో ధైర్యం చెప్పేది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, అయినా మా అమ్మ నిశ్చింతగా ఫోన్ పెట్టేసేది.

అందుకే అంటున్నాను, పద్ధతులు ఎక్కువైతే బయటివాళ్లు ఉండలేరన్నది నిజం కాదు. పద్ధతి ఏమిటో చెప్పకుండా, తప్పినప్పుడు మొహం మాడ్చుకునే ఇంట్లో ఎవరూ ఉండలేరు. సమోవాలో నాకు అన్నీ ముందే చెప్పారు. చెప్పాక చుట్టంలా కూర్చోబెట్టలేదు. గిన్నెలు తోమించారు, వాకిట్లో ఆకులు ఊడిపించారు, చర్చికి వేసుకెళ్లడానికి తెల్లబట్టలు కుట్టించారు. పని చెప్పిన రోజు నుంచే నాకు బెరుకు పోయింది.

మన విశ్వవిద్యాలయాల అధికారులకు నా విన్నపం ఒక్కటే. దసరా, సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ మెస్‌లు మూతపడితే, ఊరికి వెళ్లలేని దూరపు పిల్లలు హోటల్ తిండి తిని గదుల్లో పడి ఉంటారు. ముందు ఆ కొద్ది రోజులకే, ఇష్టమున్న కుటుంబాల పేర్లు రాసుకోండి. వార్డెన్ స్వయంగా ఆ ఇళ్లు చూడాలి, ఇంటివాళ్లనూ విద్యార్థినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఇబ్బంది వస్తే ఇరుపక్షాలూ ఎవరికి చెప్పుకోవాలో ముందే తేల్చాలి. నన్ను ఆ ఇంటికి అప్పగించినవాళ్లు ఇంతే చేశారు, అంతకు మించి ఖర్చేమీ లేదు.

మా మేడ మీద గది ఖాళీగా ఉంది. అమ్మ కూడా సరేనంది. ఇంట్లో మాంసం వండం, శనివారం పూజ అయ్యాకే టిఫిన్, రాత్రి తొమ్మిదిలోపు ఇంటికి రావాలి. ఇవి ఒప్పుకునే అమ్మాయి ఎవరైనా వచ్చే సంక్రాంతికి మా ఇంటికి రావచ్చు. ముగ్గుల పని మాత్రం తప్పించుకోనివ్వం.

– ఒక ఉపాధ్యాయురాలు, ఎం.ఆర్.పల్లి, తిరుపతి